తాత నూలు వల, నాన్న నైలాన్ వల

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. గోపాల్‌పూర్‌కు దగ్గరలో, సముద్రపు ఒడ్డున ఉన్న తెలుగు మత్స్యకారుల పల్లె. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. "మనం కదల్లేదమ్మా, జిల్లాయే రాష్ట్రం మారింది" అంటాడు మా తాత.

ఈ ఏడాది మా సోషల్ మాస్టారు, "చరిత్ర అంటే రాజులే కాదు. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయండి" అన్నారు. మా ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది వల. అందుకే వల గురించి రాస్తున్నాను.

తాత చిన్నప్పుడు వలలు నూలు దారంతోనూ, జనపనారతోనూ అల్లేవారు. వల కుళ్ళిపోకుండా చెట్టు బెరడు ఉడకబెట్టి, ఆ కషాయంలో ముంచి ఎండబెట్టేవారు. వేట నుంచి రాగానే ఇసుక మీద ఆరబెట్టకపోతే ఇక దాని పని అయిపోయినట్టే. వలకు పైన చెక్క బెండ్లు, కింద కాల్చిన మట్టి గుళ్ళు. తెప్ప అంటే తాళ్ళతో కట్టిన దుంగలు. పెద్ద పడవలో కూడా ఒక్క మేకు ఉండేది కాదు, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. గోపాల్‌పూర్ రేవుకి రంగూన్ స్టీమర్లు వచ్చిన కాలంలో ఒడ్డు నుంచి ఓడ దాకా మనుషుల్నీ సరుకుల్నీ చేర్చినవి అలాంటి పడవలే. వీటిలో ఏది సముద్రంలో పోయినా కొన్నాళ్ళకు కుళ్ళి నీళ్ళలో కలిసిపోయేది.

ఇక ప్లాస్టిక్ సంగతి. 1907లో లియో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త బేకలైట్ తయారుచేశాడు. పూర్తిగా రసాయనాలతో చేసిన మొదటి ప్లాస్టిక్ అదే. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ కనిపెట్టింది. మొదట అది పళ్ళు తోముకునే బ్రష్షుల్లోకి, తర్వాత మేజోళ్ళలోకి, రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లలోకి వెళ్ళింది. యుద్ధం తర్వాత వలల్లోకి వచ్చింది. మన దేశంలో 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మొదలైంది. కొత్త దారాలతో వలలు ఎలా చెయ్యాలో పరిశోధించి, మత్స్యకారులకు చేర్చిన సంస్థల్లో అదొకటి.

మా పల్లెకు నైలాన్ వల వచ్చినప్పుడు తాత కుర్రాడు. "తేలిగ్గా ఉండేది, కుళ్ళేది కాదు, నీళ్ళలో సేపకు కనబడేది కాదు. ఆ వలే మీ నాన్నను సదివించింది" అన్నాడు. నేను ప్లాస్టిక్‌ను తిడుతూ వ్యాసం రాద్దామనుకున్నాను. ఆ మాట విన్నాక అలా రాయలేకపోయాను.

కానీ కుళ్ళకపోవడమే దాని గుణం, కుళ్ళకపోవడమే దాని దోషం. నూలును తినే సూక్ష్మజీవులు నైలాన్‌ను అంత తేలిగ్గా తినలేవు. తెగిపోయిన నైలాన్ వల నీటి కన్నా బరువు కాబట్టి మునుగుతుంది. మునిగినా చేపల్ని పడుతూనే ఉంటుంది, తీసుకునేవాళ్ళు మాత్రం ఉండరు. ఒడ్డున పడినవి ఎండకు పెళుసెక్కి ముక్కలవుతాయి. ఆ సన్నని ముక్కలకు 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో 'మైక్రోప్లాస్టిక్' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

మాకు దగ్గరలోనే ఋషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడికి వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు. తాబేలు నీటిలో బతికినా గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది.

పోయిన చలికాలంలో ఒక తాబేలు చనిపోయి మా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మెడకు వల ముక్క చుట్టుకుని ఉంది. తాత వంగి దాన్ని విప్పుతూ ఆగిపోయాడు. చిరిగిన చోట ఎర్ర దారంతో వేసిన ముడి ఉంది. మా ఇంట్లో అలాగే వేస్తారు. "ఇది మన వలే" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

బరంపురంతో సహా ఒడిశాలోని ఆరు నగరాల్లో 2018 అక్టోబర్ 2 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించారు. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే స్ట్రాలు, చెంచాలు, కప్పులు నిషేధించారు. ఆ జాబితాలో వల లేదు. ఉంటే మేము బతకలేం కూడా. అంటే మా వల సంగతి మేమే చూసుకోవాలి.

ఇప్పుడు నాన్న పడవలో ఒక గోనెసంచి ఉంటుంది. తెగిన ముక్కలు సముద్రంలో వెయ్యకుండా అందులో వేసి ఇంటికి తెస్తాడు. అమ్మ వాటితో బీరపాదుకు పందిరి, కోళ్ళ దొడ్డికి కంచె కట్టింది. ఖాళీ నీళ్ళ సీసాలు వలకు బెండ్లయ్యాయి. థర్మోకోల్ మాత్రం వద్దన్నాను, అది పూసలు పూసలుగా రాలిపోతుంది. తిరిగి వాడినవి కూడా ఏదో ఒక రోజు పాడవుతాయి. అప్పుడు వాటిని పాత సామాన్లవాడికి ఇవ్వాలి గానీ అలలకు ఇవ్వకూడదు.

వ్యాసం రాసి తాతకు చదివి వినిపించాను. అంతా విని, "తాబేలు సంగతి తీసెయ్యకు, ఉండనీ" అన్నాడు. అందుకే ఉంచాను.