యుద్ధాశ్వాల రుణం

మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసింది. సైనికులు ఇళ్లు చేరుకొన్నారు. వారిని మోసిన వేలాది గుర్రాలను మాత్రం బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో అమ్మివేసింది. 1930లో కైరో వచ్చిన డొరొతీ బ్రూక్, బరువుబండ్లు లాగుతూ ఎముకలగూళ్లయిన ఆ గుర్రాలను చూచి చలించిపోయింది. ఆమె లండనులోని 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు వ్రాసిన లేఖ చదివి పాఠకులు ధనం పంపారు. దానితో ఆమె మూడేళ్లలో 5,000 గుర్రాలను కొన్నది. పెక్కింటికి కోలుకొనే శక్తి లేదు. వాటికి ఆమె ఈయగలిగినవి కొన్నాళ్ల విశ్రాంతి, కడుపునిండా మేత, బాధలేని మరణం. 1934లో కైరోలోనే పేదల గుర్రాలకు, గాడిదలకు ఉచిత వైద్యశాల నెలకొల్పింది.

నేడు ముసలి గుర్రాన్ని చేరదీసి, పని చెప్పక, పచ్చికబయలులో తోడుగా ఉంచుకొనేవారు చేస్తున్నదీ ఇదే. దీనిని జాలి అనటంకంటె రుణవిమోచనం అనటం న్యాయం.