క్లౌడ్ ఆధారిత విపత్తు పునరుద్ధరణ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

వరద, అగ్నిప్రమాదం, పిడుగు, హార్డ్ డిస్క్ వైఫల్యం, వైరస్ దాడి. వీటిలో ఏది వచ్చినా లెక్కలు పోకూడదు, ఆగిన పని అనుకున్న గడువులోగా మళ్లీ మొదలవ్వాలి. అందుకోసం దూరంలోని డేటా సెంటర్లలో ప్రతులు ఉంచి, వాటితో పని తిరిగి నడిపే పద్ధతిని ముందే రాసిపెట్టుకోవడాన్ని క్లౌడ్ ఆధారిత విపత్తు పునరుద్ధరణ ప్రణాళిక అంటారు. కంప్యూటర్ పని చేసేవాళ్లు దీన్ని క్లుప్తంగా ‘డీఆర్’ (డిజాస్టర్ రికవరీ) అంటారు. బ్యాకప్ ఇందులో ఒక భాగం మాత్రమే. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీది సూర్యాపేట, కోదాడలకూ, సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడకూ ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రతి ఎంత దూరంలో ఉందన్నదే. 2024 వానలు ఆ సంగతి తేల్చేశాయి.

పూర్వరంగం

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, దాని వెంటే రైస్ మిల్లులు వచ్చాయి. అప్పటి లెక్కలన్నీ చిట్టా, ఆవర్జాల్లో ఉండేవి. మిల్లు గుమస్తా రాసుకున్నది మిల్లులో ఉండేది, కాటా చిట్టీ రైతు జేబులో ఉండేది, మార్కెట్ యార్డులో అమ్మిన సరుకుకు తక్‌పట్టీ ఉండేది. ఒకే లావాదేవీకి రెండు మూడు చోట్ల ఆధారం దొరికేది కాబట్టి ఒక పుస్తకం తడిసినా లెక్క మళ్లీ కట్టుకోగలిగేవారు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే అమరిన భద్రత అది. కంప్యూటర్ వచ్చి వేగం పెంచింది కానీ, ఆ లెక్కలన్నిటినీ తెచ్చి ఒకే డిస్కులో పెట్టింది.

2017 జులై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్‌లో సరుకు రవాణాకు ఈ–వే బిల్లు వచ్చాక కంప్యూటర్ ఆగితే సరుకే ఆగే పరిస్థితి ఏర్పడింది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఫ్యాక్టరీల నుంచి బయల్దేరే సిమెంట్ లారీ బిల్లు నంబరు లేకుండా గేటు దాటదు. మార్కెట్లదీ అదే దారి. 2016 ఏప్రిల్ 14న జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ–నామ్ మొదలైనప్పుడు దేశంలో తొలి విడతగా ఎంచుకున్న 21 మార్కెట్లలో ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరి ఒకటి.

బ్యాంకులు ముందు, దుకాణాలు వెనక

ప్రత్యామ్నాయ కంప్యూటర్ కేంద్రాన్ని అద్దెకిచ్చే వ్యాపారం అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1978లో సన్‌గార్డ్‌తో మొదలైంది. అసలు కేంద్రం కాలిపోతే బ్యాంకు ఉద్యోగులు టేపులు పట్టుకుని అక్కడికి వెళ్లి పని కొనసాగించేవారు. భారతదేశంలోనూ తొలి అడుగులు బ్యాంకులవే. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో బ్యాంకింగ్ సాంకేతికత పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీని నెలకొల్పింది. వ్యాపార కొనసాగింపు ప్రణాళికపై 2005లో బ్యాంకులకు మార్గదర్శకాలు పంపింది. కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఖాతాల వివరాలు శాఖ గదిలో కాకుండా దూరపు డేటా సెంటర్‌లో ఉంటున్నాయి. శాఖలోకి నీళ్లొచ్చినా ఖాతాదారు నిల్వ చెక్కుచెదరదు. అదే వీధిలోని దుకాణానికి అంత స్థోమత లేదు.

ఆ స్థోమతను అందుబాటులోకి తెచ్చింది క్లౌడ్. 2006లో అమెజాన్ తన ఎస్3, ఈసీ2 సేవలతో నిల్వనూ సర్వర్లనూ వాడినంత మేరకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలో, అమెజాన్ 2016లో ముంబైలో, గూగుల్ 2017లో ముంబైలో కేంద్రాలు తెరిచాయి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ వచ్చింది. స్వదేశీ డేటా సెంటర్ సంస్థ కంట్రోల్ఎస్ హైదరాబాద్‌లో 2007 నుంచే ఉంది. క్లౌడ్ ఇలా విస్తరించిన 2022లోనే, పాత తరహా కేంద్రాలను అద్దెకిచ్చిన సన్‌గార్డ్ అవైలబిలిటీ సర్వీసెస్ దివాలా రక్షణ కోరింది.

తాళం వేసే దాడులు

నీళ్లూ నిప్పూ కంటికి కనిపిస్తాయి. రాన్సమ్‌వేర్ మాత్రం ఫైళ్లన్నిటికీ తాళం వేశాకే తెలుస్తుంది. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లను తాకింది. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇలాంటి దాడికే ఆగిపోయాయి. సూర్యాపేట, మిర్యాలగూడ వినియోగదారులు బిల్లు కట్టే సంస్థ కూడా వాటిలో ఉంది. 2024 జులై చివర్లో సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ–ఎడ్జ్‌పై దాడి జరగగా, చెల్లింపుల వ్యవస్థలు నడిపే ఎన్‌పీసీఐ ముందుజాగ్రత్తగా ఆ సంస్థను వాటి నుంచి వేరు చేసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల లావాదేవీలకు ఇబ్బంది కలిగింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేస్తే చాలనుకుంటారు. తాళం పడ్డ ఫైలు కూడా నిమిషాల్లో సింక్ అయి మంచి ప్రతి స్థానంలో కూర్చుంటుంది. పాత వెర్షన్లు నిలిచి ఉండాలి. నిర్ణీత గడువుదాకా యజమాని పాస్‌వర్డ్‌తో సైతం చెరిపేందుకు వీల్లేని ప్రతి కనీసం ఒకటి ఉండాలి.

2024 సెప్టెంబరు 1

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు కోదాడలో కాలనీలు మునిగాయి. వాగు ఉద్ధృతికి కార్లు కొట్టుకుపోయి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేటి నీళ్లు రహదారి మీదికి రావడంతో విజయవాడకు దారి తెగింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఖమ్మంలో మున్నేరు కాలనీలను ముంచింది, విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది.

డీఆర్ ప్రణాళిక వేసేవాళ్లు ఈ పేర్లన్నీ పటం మీద పెట్టి చూడాలి. కోదాడ వ్యాపారికి బంధువులూ, ఆడిటరూ, బ్రాంచి దుకాణమూ సాధారణంగా ఉండేది ఖమ్మంలోనో విజయవాడలోనో. రెండో ప్రతి అంటే అక్కడి కంప్యూటర్‌లోనో, అక్కడికి పంపిన హార్డ్ డిస్కులోనో ఉండడం సహజం. ఒకే వాన ఒకే రోజున ఆ మూడు ఊళ్లనూ ముంచింది. భూమి కంపించినా అంతే. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల దగ్గర, సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు భూమి కంపిస్తే కృష్ణకు ఇరువైపులా తెలిసింది. 2024 డిసెంబరు 4న ములుగు భూకంపాన్ని హైదరాబాద్‌లోనూ గుర్తించారు. అందుకే ఒక ప్రతి హైదరాబాద్‌లో ఉన్నా, మరొకటి ముంబై లాంటి చోట, వేరే నదీ పరీవాహకంలో, వేరే విద్యుత్ లైన్ల మీద ఉండాలి. దూరం లేని క్లౌడ్‌తోనూ ముప్పే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు.

ప్రణాళిక ఎలా వేస్తారు

ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాస్తారు: ఎంతసేపు పని ఆగితే తట్టుకోగలం, ఎంతసేపటి లెక్కలు పోతే తట్టుకోగలం. కోతల కాలంలో మిల్లు కాటా దగ్గర నిలబడితే ఆ జవాబుకు అర్థం తెలుస్తుంది. ట్రాక్టర్ నిండుగా ఎక్కినప్పుడు ఒక తూకం, ఖాళీగా వెళ్లేటప్పుడు ఒక తూకం, నడుమ తేమ శాతం. ఈ మూడు అంకెలే రైతుకు రావాల్సిన డబ్బు. లోపలికి వచ్చిన ట్రాక్టర్ తూకం పోతే ధాన్యం దించాక దాన్ని తిరిగి రాబట్టే మార్గం లేదు. కాబట్టి కాటా రికార్డు కొద్ది నిమిషాలకోసారి క్లౌడ్‌కు చేరాలి. జీతాల లెక్క రాత్రికి ఒకసారి వెళ్తే సరిపోతుంది. అన్నిటికీ ఒకే గడువు పెట్టడం డబ్బు వృథా.

తిరిగి దించుకునే వేళను ముందే లెక్కగట్టాలి. 500 జీబీ డేటాను 50 ఎంబీపీఎస్ లైన్ మీద దించాలంటే, లైన్ ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే, దాదాపు 22 గంటలు. దించుకున్నంత మేరకు రుసుము కూడా పడొచ్చు. అసలు లైనే దొరక్కపోవచ్చు: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఫోన్ నెట్‌వర్కులే కుప్పకూలాయి. ఫైబర్ తెగి మొబైల్ డేటా మాత్రం మిగిలినప్పుడు దానితోనే పని సాగాలంటే, మొత్తం దించుకునే బదులు క్లౌడ్‌లోనే చిన్న సర్వర్‌ను సిద్ధంగా ఉంచి, బిల్లింగ్ మాత్రం ఆ సర్వర్ మీద నడిపించడం మేలు. ఆ సర్వర్ పాస్‌వర్డ్, లైసెన్సు నంబరు, ఎవరికి ముందు ఫోన్ చేయాలన్న జాబితా కాగితం మీద, యజమాని ఇంట్లో ఉండాలి.

చట్టం కూడా ఇటే మొగ్గింది. కంపెనీలు తమ ఎలక్ట్రానిక్ ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను రోజూ భారత్‌లోని సర్వర్‌లో ఉంచాలని కంపెనీల ఖాతా నియమాలకు 2022 ఆగస్టులో చేసిన సవరణ చెబుతోంది. జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. సైబర్ దాడి జరిగినట్టు తెలిశాక 6 గంటల్లో తనకు తెలపాలన్నది ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం.

తిరిగి తెచ్చి చూడని ప్రతిని ప్రతిగా లెక్కించకూడదు. వానాకాలం, యాసంగి ధాన్యం రావడానికి ముందు చెరోసారి, వేరే కంప్యూటర్ మీద, పాత కంప్యూటర్‌ను ముట్టకుండా, కిందటి సీజన్‌లోని ఒక రోజు కాటా రికార్డును క్లౌడ్ నుంచి తెచ్చి, ఆ రోజు కాగితపు చిట్టీలతో తూకాలు సరిచూస్తారు. ఈ పని సాఫ్ట్‌వేర్ కుర్రాడు చేయడం కన్నా గుమస్తా చేయడం మంచిది. విపత్తు రోజున ఆ గదిలో ఉండేది అతనే.