పుణ్యానికి పోతే...

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని మన సామెత. అమెరికా పల్లెల్లో తన పొలంలోని పచ్చిక రన్‌వేపై, సరదాకు చిన్న విమానాలు నడిపేవారిని ఉచితంగా దిగనిచ్చే రైతు భయమూ ఇదే. విమానం గుంతలో పడి బోల్తాపడితే, గాయపడినవాడు నేలయజమానిపైనే దావా వేయవచ్చు. అందుచేత గేటుకు తాళం వేయడమే క్షేమమనిపించేది.

ఈ చిక్కు విమానాలతో పుట్టినది కాదు. వేటకూ, చేపలు పట్టడానికీ భూమిని విడిచిన యజమానుల రక్షణకై మిచిగన్ రాష్ట్రం 1953లో చట్టం చేసింది. 1965లో ఒక నమూనా చట్టం వెలువడగా, క్రమంగా అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. రుసుము పుచ్చుకోని యజమానికి పూచీ తక్కువ. అపాయమున్నదని తెలిసీ బుద్ధిపూర్వకంగా హెచ్చరించనివానికి మాత్రం రక్షణ లేదు.

అయితే ఆ వినోదాల జాబితాలో చాలాచోట్ల విమానయానం లేదు. 2003లో మోంటానా పైలట్లు స్థాపించిన రిక్రియేషనల్ ఏవియేషన్ ఫౌండేషన్ వంటి సంస్థల కృషితో పలు రాష్ట్రాలు ఆ మాటను చేర్చాయి.

మరి గాయపడినవాని నష్టం ఎవరిది? ఆ బరువు చాలావరకు ఎగిరినవానిపైనే పడింది. కోరి ఎగిరినవాడు కోరి మోయవలసినదే అని నాకు తోస్తుంది. దాత నిర్భయుడైతేనే గదా దానం నిలిచేది! మీరేమంటారు?