ఎలక్ట్రానిక్స్ విద్య - మన ఆడపిల్లలు

ఈ శతవార్షిక సమయమున మనమందరము గతించిన తరముల వారిని జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆడపిల్లకు అక్షరములు నేర్పుటయే వింతగా తోచిన కాలమును మన అవ్వలు చూచిరి. వారి బిడ్డలు ఉపాధ్యాయినులు, నర్సులు, డాక్టర్లు అయిరి. ఇంజనీరింగు ద్వారము మాత్రము చాలకాలము మూయబడియే యుండెను. దానిని తెరచిన తొలి స్త్రీలలో తెలుగింటి ఆడపడుచు ఒకరున్నారని మనలో అనేకులకు తెలియదు. పదునాలుగు, పదునైదేండ్ల మన ఆడపిల్లలు ఎలక్ట్రానిక్స్ వైపు చూడవలెనని, చూచినప్పుడు పెద్దలమైన మనము అడ్డు నిలువరాదని కోరి ఆ చరిత్రను ఇచ్చట వ్రాయుచున్నాము.

అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో మద్రాసులో జన్మించిరి. పదునైదవ యేట వివాహమాయెను. పదునెనిమిదవ యేట, నాలుగు నెలల పసిబిడ్డ ఒడిలో ఉండగానే, భర్త మరణించెను. ఆనాటి ఆచారము ననుసరించి ఆమె జీవితము ఇంటి మూలకు చేరవలసినదే. అయితే తండ్రి పప్పు సుబ్బారావు గారు అట్లు కానీయలేదు. ఆయన గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగపు ఆచార్యులు. కుమార్తెను ఇంటర్మీడియట్ చదివించి, తమ కళాశాలలోనే చేర్చుకొనుమని ప్రిన్సిపాలు చాకో గారిని అడిగిరి. వైద్యవృత్తియైతే రాత్రివేళలందు కూడ బిడ్డను విడిచిపోవలసి వచ్చునని లలిత గారు ఇంజనీరింగునే కోరుకొనిరి. విద్యాశాఖ డైరెక్టరు స్టేథం గారు అనుమతినిచ్చిరి.

అంతమంది యువకుల మధ్య ఆమె ఒక్కతె. హాస్టలులో తోడు లేదు. పిమ్మట లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇరువురు సివిల్ విభాగమున చేరిన తరువాతనే ఆ ఒంటరితనము తీరెను. 1943లో ముగ్గురును కృతార్థులైరి. పట్టాలపై 'అతడు' అని ముందే అచ్చువేసియుండగా, దానిని కొట్టివేసి 'ఆమె' అని వ్రాయవలసి వచ్చెనట! లలిత గారు అటుపిమ్మట కలకత్తాలో ఒక విద్యుత్ యంత్రముల కంపెనీలో పనిచేయుచు, భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లిరి. 1979లో కన్నుమూసిరి.

లలిత గారు చదివినది విద్యుచ్ఛక్తి శాస్త్రము. ఎలక్ట్రానిక్స్ దానికి చెల్లెలి వంటిది. మన ఆలయములోని మైకునే చూడుడు. అది మాటను చిన్న విద్యుత్ సంకేతముగా మార్చును. ఆంప్లిఫయరు దానిని పెంచును. స్పీకరు మరల ధ్వనిగా వినిపించును. రేడియో, కంప్యూటరు, సెల్‌ఫోను, గుండె నడకను గీతలుగా చూపు ఇ.సి.జి. యంత్రము, అన్నియు ఈ విద్య వలన కలిగినవే.

ఈ శాఖలో మార్గము చూపినవారు రాజేశ్వరీ ఛటర్జీ గారు. 1922లో మైసూరు రాజ్యమున పుట్టి, గణితము చదివి, 1947లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. డాక్టరేటుతో 1953లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తిరిగివచ్చి, మైక్రోవేవులు, యాంటెన్నాల విద్యను దశాబ్దముల పాటు బోధించిరి. ఆమె అవ్వగారైన కమలమ్మ దాసప్ప గారు మైసూరులో మొదటి తరము పట్టభద్రురాలు. చదువునకు విలువనిచ్చు ఇంట పుట్టిన పిల్లకు దారి కొంత సులువగును గదా!

మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కంప్యూటర్లు, టెలివిజనులు చేసినది. మనము ఓటు వేయు యంత్రములను తయారుచేయు రెండు ప్రభుత్వ సంస్థలలో అదియొకటి. నేడు ఇంజనీరింగు కళాశాలలలో ఎలక్ట్రానిక్స్ చదువు ఆడపిల్లలు అరుదు కారు. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్ డిప్లొమా యున్నది. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివినవారికి డిగ్రీ యున్నది. కళాశాల ద్వారము తెరిచియే యున్నది. ఇంటి ద్వారము మాటేమిటి?

మా ఇండ్లలో జరిగినది దాచక చెప్పెదము. పాడైన రేడియోను కుమారుడు విప్పినప్పుడు మెచ్చుకొంటిమి. కుమార్తె విప్పినప్పుడు, "షాకు కొడుతుంది, నీకెందుకమ్మా?" అని చేతిలోని స్క్రూడ్రైవరును లాగికొంటిమి. కుమారుని హాస్టలు ఫీజుకు అప్పు చేసితిమి. కుమార్తె విషయములో పెండ్లి ఖర్చు లెక్కించితిమి. పట్టా తెచ్చుకొన్న పిల్లను సయితము, ఉద్యోగము దూరమని ఇంట కూర్చుండబెట్టితిమి. ఇది మా తప్పు.

ఇకనైన ప్రీజు తీసి, జాగ్రత్తలు నేర్పి, స్క్రూడ్రైవరును తిరిగి వారి చేతికిత్తము. లెక్కలలో వెనుకబడిన పిల్లకు పెద్ద పిల్లల చేత సాయంకాలము చెప్పింతము. ఒక్కతెను కాక, ఇద్దరు ముగ్గురిని కలిపి పంపుదము. గిండీలో లలిత గారికి కావలసివచ్చినది ఆ తోడే. సుబ్బారావు గారు తన బిడ్డ కొరకు వెళ్లి ఒక మాట అడిగిరి. మన బిడ్డల కొరకు ఆ పాటి మనము చేయలేమా?