మొగ్గల లెక్క

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి రాగానే, "నాన్నా, మా కొమ్మ మీద ఆరు మొగ్గల్లో రెండు విచ్చుకున్నాయి" అంది. బడి వెనకాల ఎర్ర మేపుల్ చెట్టుంది. పిల్లలు జట్లుగా తలా ఒక కొమ్మ ఎంచుకుని, గుర్తు కట్టి, వారం వారం చూసి రాస్తారు. వసంతంలో చిగుళ్ళు, ఆకురాలు కాలంలో రంగు మారినవి, రాలినవి. ఆ అంకెలు హార్వర్డ్ ఫారెస్ట్ శాస్త్రవేత్తలకి చేరతాయి.

ఏదో పిల్లల ఆటలే అనుకున్నాను. దీని వెనకున్న కథ చదివాక కాదనిపించింది.

హార్వర్డ్ యూనివర్సిటీ 1907లో మసాచుసెట్స్‌లోని పీటర్‌షామ్‌లో పరిశోధన కోసం ఏర్పాటు చేసుకున్న అడవి ఇది. 1990 వసంతంలో ఇక్కడ జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త మూడు నుంచి ఏడు రోజులకోసారి అడవిలో తిరిగి, 33 జాతుల చెట్లూ పొదలూ ఎప్పుడు చిగురిస్తున్నాయో రాయడం మొదలుపెట్టారు. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. అందుకే అదే పద్ధతిని కాస్త సులువు చేసి బడిపిల్లలకి ఇవ్వగలిగారు. ముందు టీచర్లకి శిక్షణ ఇస్తారు. అంకెలతో గ్రాఫ్ గీయడం కూడా అందులో భాగమే.

ఒక్క ఏడాది లెక్క ఏమీ చెప్పదు. ఒక ఏడు చలి ఎక్కువ, ఇంకో ఏడు తక్కువ. ఏళ్ళ తరబడి రాస్తేనే దానికి విలువ. ఇదే రాష్ట్రంలోని కాంకర్డ్‌లో హెన్రీ డేవిడ్ థోరో 1850లలో ఏ మొక్క ఏ రోజు పూసిందో రాసుకున్నాడు. 1862లో చనిపోయాడు. దాదాపు 150 ఏళ్ళ తర్వాత బోస్టన్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ప్రైమాక్, అబ్రహం మిల్లర్-రషింగ్ అదే ఊళ్ళో 2004 నుంచి 2006 దాకా చూసి పోల్చారు. 43 జాతులు సగటున 7 రోజులు ముందే పూస్తున్నాయి. భూమి వేడెక్కుతోందనడానికి ఆ పాత నోటు పుస్తకాలు సాక్ష్యమయ్యాయి.

నేను బీటెక్ చదివాను. పువ్వు భాగాలు టెన్త్‌లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. బయటికెళ్ళి ఒక్క పువ్వూ చూడలేదు. మా ఇంటి ముందు వేపచెట్టుండేది. ఉగాది పచ్చడికి పువ్వు అమ్మే దులిపేది. కొన్నేళ్ళు పండగ నాటికి పువ్వు సరిగ్గా వచ్చేది కాదు, పక్కింట్లో అడిగి తెచ్చేవాళ్ళం. అవి ఏ ఏళ్ళో ఫోన్ చేసి అడిగితే, "అవన్నీ ఎవరు రాసుకున్నార్రా?" అంది అమ్మ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టూ పోయింది.

ఇండియాలో కూడా సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లల చేతా, పెద్దల చేతా చెట్లను ఇలాగే వారం వారం గమనింపజేస్తోంది. మీ పిల్లల బడిలో ఒకసారి చెప్పి చూడండి.

మేం ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటామో మా వీసాకే తెలియాలి. "మీరు పై క్లాసుకి వెళ్తే ఆ కొమ్మ సంగతేంటి?" అని అడిగాను. "వచ్చే ఏడు పిల్లలు చూస్తారు. అందుకే తారీకు సరిగ్గా రాయమన్నారు మా టీచర్" అంది.

ఆ వారమే అమ్మకి మళ్ళీ ఫోన్ చేశాను. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే, పక్కింటి వేప పూసిన రోజు కూడా రాయమన్నాను. నవ్వి, "ఈ ఏడు అప్పుడే అయిపోయింది కదరా, వచ్చే ఏడు రాస్తాలే" అంది.