డిపో: ఒక ఫ్రెంచి మాట పయనము

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగువారి యిండ్లలో ఒకడు డిపోకు పోయినాడన్నచో, బండి పెట్టెలను కడిగి, చక్రములను, బ్రేకులను పరీక్షించి, నీళ్లు నింపి మరల ప్రయాణమునకు సిద్ధపరచు కోచింగ్ డిపోలో పనికెక్కినాడని అర్థము. వారి చుట్టములున్న శ్రీకాకుళము, విజయనగరముల వైపున అదే మాటకు సంచి పట్టుకొని రేషను బియ్యమునకు పోయినాడని అర్థము.

లాటినులో క్రింద ఉంచుట యను అర్థముగల ధాతువునుండి పుట్టిన ఈ శబ్దము ఫ్రెంచివారి నోట నడిమి సకారమును పోగొట్టుకొనగా, దాని గుర్తుగా ఓకారముపై గొడుగు వంటి చిహ్నమొకటి మిగిలినది. లాటినునుండి డిపాజిట్టును ముందే గ్రహించియున్న ఆంగ్లేయులు, 18వ శతాబ్ది చివర ఫ్రెంచినుండి డిపోను వేరుగా తెచ్చుకొనిరి. కావున ఎన్నికలలో చిత్తుగా ఓడినవారికి గల్లంతగు డిపాజిట్టును, బస్సులు నిలుపు డిపోయు ఏకోదరములే. నమ్మి ఒకరియొద్ద దాచిన సొత్తను అర్థముగల మన నిక్షేపము ఈ మాటకు సరియగు జోడు. మనుస్మృతి 18 వ్యవహారపదములలో, అనగా వ్యాజ్య కారణములలో, ఋణాదానము వెంటనే దానిని పేర్కొన్నది.

నిక్షేపమును యజమానికి తిరిగి ఈయవలెను. డిపో ఆ ధర్మమును మెల్లగా విడిచినది. మొదట సరకులకు, పిదప క్రొత్తగా చేరిన సైనికులకు నెలవైన ఆ మాట, అమెరికాలో రైలుస్టేషనుకు పేరైనది. వలసరాజ్యములలో మాత్రము కూలీలను, వారు మనుష్యులన్న సంగతి మరచినట్లు, మూటలవలె దింపి లెక్కించు తావునకు పేరైనది. మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవున 1849లో నిర్మాణమారంభమైన ఇమ్మిగ్రేషన్ డిపోలో, ఓడ దిగినవారు ఎక్కిపోయిన పదునారు మెట్లు నేటికిని ఉన్నవి. మన కళింగాంధ్ర, గోదావరి తీరములవారును ఆ ద్వీపమునకు పోయి తోటలలో చెమటోడ్చినవారే. 2006లో యునెస్కో ఆ డిపో కట్టడమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

బిలాస్‌పూర్‌కు ఈ మాటను తెచ్చినది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి బిలాస్‌పూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపినది. 1902లో వాల్తేరునకు ఉత్తరమున ఉన్న తూర్పుతీరపు దారియు ఆ కంపెనీ చేతికే వచ్చుటచే, ఉత్తరాంధ్రులకు ఖలాసీ, ఫిట్టరు పనులకై ఛత్తీస్‌గఢ్ దారి తెరచుకొన్నది. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయము సైతము బిలాస్‌పూర్‌లోనే వెలసినది.

ఇకమీదట తెలుగు నిఘంటువు కూర్చువారు డిపోకు గిడ్డంగి యని వ్రాసి ఊరకుండక, రేషను డిపోను, కోచింగ్ డిపోను, అన్నిటికంటె ముఖ్యముగా కూలీ డిపోను వేర్వేరుగా చూపింతురు గాక.