ఫొటోలో లేని ఐదో అమ్మాయి

దావోస్, 2020 జనవరి 24. విలేకరుల సమావేశానికి వచ్చిన ఐదుగురు వాతావరణ ఉద్యమకారిణులు, ఐదుగురూ అమ్మాయిలే, ఫొటో కోసం వరసగా నిలబడ్డారు. వెనక మంచు కొండలు. మధ్యలో గ్రెటా థన్‌బర్గ్. ఆమెకు అటూ ఇటూ జర్మనీ, స్వీడన్, స్విట్జర్లాండ్‌ల నుంచి వచ్చిన ముగ్గురు. ఎడమ చివర ఉగాండా అమ్మాయి వనెస్సా నకాటే, ఇరవై మూడేళ్లది.

కాసేపటికి వనెస్సా ఫోన్‌లో ఆ సమావేశం వార్త చూసింది. అసోసియేటెడ్ ప్రెస్ పంపిన ఫొటోలో నలుగురే ఉన్నారు. నలుగురూ తెల్లవాళ్లే. తాను నిల్చున్న మేర కత్తిరించేశారు. నన్నెందుకు తీసేశారని ఆమె ట్విట్టర్‌లో ఆ సంస్థనే నేరుగా అడిగింది.

అసలు ఆమె దావోస్ దాకా ఎలా వచ్చింది? కంపాలాలో బిజినెస్ డిగ్రీ పూర్తిచేసిన పిల్ల. 2018లో, మన జనాన్ని ఎక్కువ బాధపెడుతున్నదేమిటని కుటుంబంలో ఓ పెద్దాయన్ని అడిగింది. ఆయన వానల సంగతి చెప్పాడు. ఉగాండాలో చాలా చోట్ల ఏడాదికి రెండు వానాకాలాలు. వెనకటికి రైతు ఆ లెక్కనే నమ్ముకుని విత్తనం వేసేవాడు. ఇప్పుడా లెక్క తప్పుతోంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఎల్గాన్ పర్వతం వాలులోని బుదుదాలో కొండచరియలు విరిగిపడి నలభై మందికి పైగా చనిపోయారు.

2019 జనవరి మొదటి వారంలో తమ్ముళ్లను, చెల్లెళ్లను, బంధువుల పిల్లలను వెంటబెట్టుకుని, చేత్తో రాసిన అట్టలతో కంపాలా కూడళ్లలో నిలబడింది. స్వతహాగా బిడియస్తురాలు. స్నేహితులు చూస్తే ఏమనుకుంటారోనన్న బెరుకు. తర్వాత బడులు తెరిచారు, పిల్లలు వెళ్లిపోయారు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒక్కతే, ఒక్కోసారి పార్లమెంటు బయట. పనీపాటా లేదా అన్నవాళ్లున్నారు, మొగుణ్ణి వెతుక్కుంటోందన్నవాళ్లూ ఉన్నారు. ధర్నా చౌక్‌లో ఎప్పుడైనా ఒక్క మనిషి ఒంటరిగా అట్ట పట్టుకుని కూర్చోవడం చూసినవాళ్లకు ఆ గుండెధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

దావోస్‌లో ఏటా ప్రపంచ ఆర్థిక వేదిక జరిగే రోజుల్లో శాస్త్రవేత్తలు అక్కడ గుడారాలు వేస్తారు. ఆ శిబిరం పేరు ఆర్కిటిక్ బేస్‌క్యాంప్. ఉత్తర ధ్రువంలో మంచు కరిగితే ఎక్కడెక్కడ ఏం జరుగుతుందో పెట్టుబడిదారులకు, నేతలకు దగ్గర కూర్చోబెట్టి చెప్పడం వాళ్ల ఉద్దేశం. యువతీయువకులను కూడా పిలిచి, వాళ్లతో మాట్లాడిస్తారు. వనెస్సా ఆ పిలుపు మీదే వచ్చింది. భూమధ్యరేఖ పక్కన పుట్టి పెరిగిన అమ్మాయి గడ్డకట్టే చలిలో గుడారంలో పడుకుంది. ఆఫ్రికా మాట నాలుగు చెవుల్లో వేయడానికి అంత దూరం వచ్చింది.

ఆ ఫొటో చూసిన సాయంత్రం ఆమె వీడియోలో మాట్లాడింది. పది నిమిషాలకు పైగా. మధ్యలో ఏడుపు ఆగలేదు. జాతివివక్ష అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి అర్థమైందని, అందరికన్నా తక్కువ కాలుష్యం చేసేది మేమే, ఎక్కువ దెబ్బతింటున్నదీ మేమేనని చెప్పింది. తీసేసింది ఒక ఫొటోను మాత్రమే కాదు, ఒక ఖండాన్నే తీసేశారని ట్వీట్ చేసింది. అదే రోజుల్లో మరో వార్తాసంస్థ ఆమెను జాంబియా అమ్మాయిగా పొరబడింది.

వెనకున్న భవనం అడ్డంగా ఉందని ఫొటోగ్రాఫర్ కత్తిరించాడని అసోసియేటెడ్ ప్రెస్ చెప్పింది. ఆ సంస్థ ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ సాలీ బజ్బీ క్షమాపణ చెప్పారు. భవనం మాట నిజమే కావచ్చు. కానీ ఐదుగురిలో ఈమె లేకపోయినా ఫొటో పూర్తిగానే ఉందని ఒక చూపుకు అనిపించిందే, అక్కడే నా బాధంతా. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న ఆఫ్రికా, కర్బన ఉద్గారాల్లో నాలుగు శాతం లోపే. ఆ లెక్క చెప్పడానికి వచ్చిన మనిషే చివర నిలబడాల్సి వచ్చింది, చివరే తెగిపోయింది.

ఆ ఫొటో గొడవ జరిగిన రెండు వారాలకే ఉగాండాలోని కరమోజా మీద మిడతల దండు పడింది. 2018లో అరేబియా ఎడారి మీద రెండు తుపాన్లు కురిసి ఇసుక తడిసింది, ఆ తడిలో మిడతలు పుట్టి పెరిగి తరాలు తరాలుగా విస్తరించాయి. ఆ విజృంభణ ఆఫ్రికాతో ఆగలేదు. 2020 మే నెలకు మహారాష్ట్ర దాకా వచ్చి, మన ఆదిలాబాద్ సరిహద్దు ఊళ్లను అప్రమత్తం చేయించింది. కంపాలా రోడ్డు మీద ఆమె చెబుతున్నది మన చేలగట్టు సంగతే కూడా.

వనెస్సా మాట తర్వాత చాలా సభల్లో వినబడింది. 2022లో యునిసెఫ్ ఆమెను గుడ్‌విల్ అంబాసిడర్‌ను చేసింది. నాకు మాత్రం ఆమె బడుల్లో చేస్తున్న పని ముఖ్యమనిపిస్తుంది. ఉగాండా గ్రామీణ బడుల్లో పిల్లలకు వంట ఎక్కువగా కట్టెల మీదే. వంట చేసే ఆడవాళ్ల కళ్ల నిండా పొగ. తక్కువ కట్టెతో వంటయ్యే పొయ్యిలు కట్టించడం, పైకప్పు మీద సౌర ఫలకాలు బిగించడం వాష్ గ్రీన్ స్కూల్స్ అనే ప్రాజెక్టు పేరిట 2019లోనే మొదలుపెట్టింది. చందాలు పోగుచేసి, ఒక్కో బడికీ వెళ్లి, కట్టించి వస్తోంది. ఇప్పటికి పదుల సంఖ్యలో బడులకు అవి చేరాయి.